పళ్ళత్త గదిలో వైఫై డబ్బా

“ఇది నా చేతిలో ఉండగానే చెప్పండి వదినా. ఈ ఇంట్లో ఇది ఉండాలా, నేను ఉండాలా?”

టీచరమ్మ చేతిలో వైఫై డబ్బా ఉంది. దాని వైరు బోర్డులోంచి ఊడొచ్చి నేల మీద పడి ఉంది. బల్ల మీద ల్యాప్‌టాప్‌లో సున్నా ఒకటి ఆగకుండా గుండ్రంగా తిరుగుతోంది. ఆ తెర అవతల ఎక్కడెక్కడో ఉన్న పిల్లలు సగం చేసిన లెక్క ముందేసుకుని కూర్చుని ఉంటారు. తెలివైనవాళ్ళు ఈపాటికి లేచి ఆటలకి పోయుంటారు.

పళ్ళత్త వెనక వసారాలోంచి అప్పుడే లోపలికొచ్చింది. చేతుల నిండా తెల్లటి పొడి. గుమ్మంలోనే ఆగిపోయింది.

“ముందు దాన్ని కింద పెట్టమ్మాయ్. వేడిగా ఉంటుంది.”

“వేడిగా ఉన్నది అది కాదు, నేను.”

కుర్చీలో ఉన్న పళ్ళత్త తమ్ముడు, అంటే టీచరమ్మ భర్త, కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. కళ్ళజోళ్ళ షాపు నడిపే మనిషి. పొద్దుట్నుంచి ఊళ్ళోవాళ్ళ అద్దాలు తుడిచి వచ్చి, ఇంట్లో గొడవ మొదలవగానే తనవి తుడుచుకుంటాడు. గొడవ ఎంత పెద్దదైతే అద్దాలు అంత శుభ్రం.

మంచం మీద బోర్లా పడుకున్న వాళ్ళ కూతురు పిచ్చుక ఫోన్లోంచి తలెత్తి, “నాది కూడా పోయింది,” అంది. పదహారేళ్ళ పిల్ల మాట ఎవరూ చెవిన వేసుకోలేదు.

“మా సంస్థ హెడ్డు ఏమన్నాడో చెప్పాను కదా. ఇంకొక్కసారి క్లాసు మధ్యలో తెగితే ఈ బ్యాచ్ వేరే టీచరుకి ఇచ్చేస్తాడు. మీకు చెప్పాను. మీ తమ్ముడికి చెప్పాను. గోడలకి కూడా చెప్పాను. అయినా కొత్తది పెట్టిద్దామని అడిగిన ప్రతిసారీ మీరు వద్దంటూనే ఉన్నారు.”

“పని చేస్తున్నదాన్ని పారేయడం ఎందుకని...”

“పని చెయ్యడమంటే ఇదా?”

పళ్ళత్త చేతుల పొడి కొంగుకి తుడుచుకుంది.

“ఇవాళ్టితో వారం తిరిగింది. భోజనాల దగ్గర మళ్ళీ అడుగుతాను. ఇవాళ మాత్రం వద్దనకండి. మీకు దణ్ణం పెడతాను.”

టీచరమ్మ డబ్బాని కిటికీ అంచున పెట్టి, వైరు బోర్డులో గుచ్చి, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. హెడ్డు చెవిన పడకముందే పిల్లల ఇళ్ళకి ఫోన్లు చేసి ఒక్కొక్కరికీ సర్ది చెప్పుకోవాలి. అద్దాలు తుడవడం ముగించి తమ్ముడు లేచాడు. పిచ్చుక ఒక్క నిమిషం ఫోను ఊపి చూసి తనూ లేచింది. నెట్ లేని గదిలో ఎవరైనా ఎందుకుంటారు?

ఈ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పళ్ళత్త నాన్న పెట్టి పోయాడు. ఇంటికి కొత్త వస్తువు ఏది రావాలన్నా భోజనాల దగ్గర అందరూ సరే అనాలి. ఒక్కరు వద్దన్నా వారం ఆగాలి. వద్దన్నవాళ్ళని ఎందుకని అడక్కూడదు. వారంలో సగం కోరికలు వాటంతటవే చల్లారతాయని ఆయన నమ్మకం. చిన్నప్పుడు పిచ్చుక అడిగిన కుక్కపిల్లని వాళ్ళమ్మ ఇలాగే వారాల మీద వారాలు సాగదీసి, పిల్ల దాని ఊసే మర్చిపోయేలా చేసింది. తమ్ముడు మాత్రం బుద్ధెరిగాక ఒక్కసారి కూడా వద్దనలేదు. ఆ ఇంట్లో అతని సరే అడక్కుండానే లెక్కలో వేసేసుకుంటారు.

ఈ డబ్బా విషయంలో పళ్ళత్త వరసగా మూడు వారాలు వద్దంది. ఎందుకని అడక్కూడదు కాబట్టి ఎవరూ అడగలేదు. అడగనంత మాత్రాన అనుకోకుండా ఉంటారా? పిసినారితనం అనుకుంది టీచరమ్మ. పాతకాలపు మనిషి, కొత్తదంటే భయం అనుకుంది పిచ్చుక. తమ్ముడు ఏమనుకున్నాడో అతను చెప్పడు.

అసలు సంగతి మాత్రం చాలా చిన్నది. ఆ డబ్బా ముసలిదైపోయింది. దాని సిగ్నల్ ఈ గది గుమ్మం దాటదు. అందుకే సాయంత్రమయ్యేసరికి అందరూ ఇక్కడికి వస్తారు. మూల బల్ల దగ్గర టీచరమ్మ లెక్కలు చెబుతుంది. కుర్చీలో తమ్ముడు వార్తలు చూస్తాడు. మంచం మీద పిచ్చుక పడుకుని, తనకి తెలియకుండానే అరికాళ్ళు పళ్ళత్త వీపుకి ఆనించి పెడుతుంది. ఆ కాళ్ళు ఎప్పుడూ చల్లగా ఉంటాయి. కొత్తది వస్తే ఇల్లంతా సిగ్నలే. ఎవరి గది వాళ్ళకి ఉంది. ఇక ఇక్కడికి రావలసిన అవసరం ఎవరికీ ఉండదు.

డబ్బా రాకముందు సంగతి ఆమెకి గుర్తుంది. ఇంటికి చివరి గది ఇది. దీన్ని దాటి వెళ్ళాల్సిన చోటేదీ లేదు కాబట్టి దారిన పోతూ తొంగిచూసేవాళ్ళు కూడా ఉండరు. పళ్ళ సెట్లు తయారుచేసే ల్యాబులో ఆమె చాలా ఏళ్ళు పనిచేసింది. మైనంతో పళ్ళు చెక్కడంలో ఆమె చెయ్యి పడితే అసలు పన్నేదో పెట్టుడు పన్నేదో డాక్టర్లు కూడా పోల్చుకోలేకపోయేవాళ్ళు. చూపు తగ్గి మానేసింది. ఆ కొత్తల్లో ఒక సాయంత్రం తమ్ముడు వచ్చి అక్కా అని పలకరిస్తే ఆమెకి గొంతు పెగల్లేదు. జలుబు చేసిందా అన్నాడు. అవునంది. జలుబూ లేదు, గిలుబూ లేదు. పొద్దుట్నుంచి ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు, అంతే. ఆ రోజులు మళ్ళీ వస్తాయంటే పళ్ళత్తకి భయం. ఆ భయాన్ని భోజనాల బల్ల మీద ఏమని పెట్టాలో తెలియక వద్దు, వద్దు అంటూ వచ్చింది.

ఈమధ్యే ఒక క్లినిక్కువాళ్ళు విరిగిన సెట్లు అతకమని పంపుతున్నారు. అతుకు పెట్టడం గదిలోనే. పాలిష్ మోటారు మాత్రం వెనక వసారాలో, కిటికీకి అవతల బిగించుకుంది. క్లాసు జరుగుతుంటే రొద చెయ్యకూడదని ఆమె జాగ్రత్త. వైరు కిటికీలోంచి లోపలి బోర్డుకి వస్తుంది. టీచరమ్మ లెక్కలు మొదలుపెట్టగానే పళ్ళత్త చప్పుడు కాకుండా లేచి, తలుపు దగ్గరగా వేసి, వసారాలోకి వెళ్ళి తన పని చేసుకుంటుంది. ఇంట్లో నలుగురికీ చోటు చాలాలంటే ఎవరో ఒకరు సర్దుకోవాలి కదా.

ఇప్పుడు చేతిలో సెట్టు సగంలో ఉంది. మళ్ళీ వసారాలోకి వెళ్ళింది. కిటికీ ఊచల అవతల, అంచు మీద డబ్బా మూడు పచ్చ దీపాలతో బుద్ధిగా మెరుస్తోంది. ఇన్నాళ్ళూ అది బీరువా మీద ఉండేది, ఇటునుంచి కనిపించేది కాదు.

మోటారు మీట నొక్కింది. మూడు దీపాలూ ఆరిపోయాయి.

పళ్ళత్త మోటారు ఆపింది. కాసేపటికి ఒక దీపం, తర్వాత ఇంకోటి, చివరికి మూడూ వెలిగాయి. మళ్ళీ నొక్కింది. మళ్ళీ ఆరిపోయాయి. రెండు వైర్లూ ఒకే బోర్డులో ఉన్నాయి, డబ్బాకి అందాల్సిన కరెంటు మోటారు లాగేస్తోంది.

ఆమె అక్కడే గట్టు మీద కూర్చుండిపోయింది. ఇవాళ క్లాసు తెగినప్పుడు తను ఇక్కడే ఉంది. కిందటిసారీ ఇక్కడే ఉంది. అంతకు ముందూ అంతే. లోపల వాళ్ళ మీద దయతలచి బయటికొచ్చి, బయటినుంచి వాళ్ళ పని తెంపుతోంది. డబ్బాకి ముసలితనం వచ్చిన మాట నిజమే, గుమ్మం దాటలేదు. కానీ గదిలో ఉన్నంతవరకు దాని పని అది చేస్తోంది. పాపం, తిట్లన్నీ అది తింది.

ఇప్పుడే వెళ్ళి చెప్పెయ్యాలి. మోటారు వైరు వంటింట్లోకి మారిస్తే సరిపోతుంది. క్లాసు తెగదు. పాత డబ్బా ఉంటుంది. సాయంత్రాలు ఉంటాయి.

లేచింది. రెండడుగులు వేసి ఆగింది. టీచరమ్మ ముఖం కళ్ళ ముందు కదిలింది.

“అత్తా, ఇక్కడున్నావా?” పిచ్చుక వచ్చి పక్కన కూర్చుంది. ఫోన్లో ఏదో బొమ్మ చూపించింది. “కొత్తది ఇదే. అమ్మ ఎప్పుడో చూసి పెట్టుకుంది. దీంతోపాటు చిన్న చిన్న ముక్కలొస్తాయి. ఒక్కో గదిలో ఒక్కోటి పెట్టుకుంటే చాలు.”

“నా గదిలో కూడా పెడతారా?”

“నీకెందుకు? నీ ఫోను మీటలు నొక్కే పాత రకమేగా.”

“అదీ నిజమే.”

“ఇవాళ సరే అనెయ్యి అత్తా. నాకు నా గదిలో ప్రశాంతంగా ఉంటుంది. నీ మంచం మీద పడుకుని పడుకుని నాకు మెడ పట్టేస్తోంది తెలుసా?” పిల్ల నవ్వింది. “నీక్కూడా హాయి. రోజూ మా గోల భరిస్తున్నావు.”

“గోలేముందే.”

“పైకి అలాగే అంటావు.”

పిచ్చుక ఆమె భుజం మీది తెల్లపొడి దులిపి వెళ్ళిపోయింది. ఆ పిల్ల మాటలో కల్మషం లేదు. కల్మషం ఉంటే పళ్ళత్త కోప్పడి ఊరుకునేది. లేదు కాబట్టే అంత నొచ్చింది.

భోజనాల దగ్గర అందరూ తలొంచుకుని తింటున్నారు. టీచరమ్మ ఏడ్చి ముఖం కడుక్కుని వచ్చినట్టుంది. వడ్డించేటప్పుడు పళ్ళత్త వైపు చూడలేదు గాని, ఆమెకి కావలసినవి ఆమె ముందుకి జరిపింది. కోపంలో కూడా ఆ మాత్రం మర్యాద తప్పని మనిషి.

“అడుగుతున్నాను,” అంది చివరికి. “కొత్త వైఫై పెట్టించుకుందాం. పిచ్చుకా?”

“సరే.”

“వదినా?”

పళ్ళత్త పళ్ళెంలోకి చూసింది. నీ క్లాసు తెంపింది నేనే అని ఈ అమ్మాయితో ఎలా అనడం? ఒంటరితనం తనకి అలవాటే. నిందే అలవాటు లేదు.

“సరే. మార్చెయ్యండి.”

టీచరమ్మ తలెత్తి చూసింది. అంత తేలిగ్గా ఆ మాట వస్తుందని ఆమె అనుకోలేదు. ఏదో మెత్తటి మాట అనబోయి పెదవి కదిలించింది.

“వద్దు,” అన్నాడు తమ్ముడు.

పిచ్చుక చెయ్యి నోటి దగ్గర ఆగింది. ఆ గొంతు నాన్నదేనా అన్నట్టు చూసింది.

“ఏమన్నారు?” అంది టీచరమ్మ.

“వద్దన్నాను. వారం ఆగుదాం.”

“ఎందుకు?”

“ఎందుకని అడక్కూడదుగా.”

“అడుగుతాను. మీ నాన్నగారొచ్చి నన్ను శిక్షించినా సరే, అడుగుతాను. పెళ్ళయిన దగ్గర్నుంచి ఈ ఇంట్లో మీరు ఒక్కదానికీ వద్దనలేదు. నాకు ఏది కావాలి, ఏది వద్దు అని కూడా అడగలేదు. ఇవాళ నా ఉద్యోగం దగ్గరికొచ్చేసరికి మీకు నోరొచ్చిందా?”

తమ్ముడి చెయ్యి కళ్ళజోడు మీదికి వెళ్ళింది. తీయలేదు. అలా పట్టుకుని కూర్చున్నాడు.

అతను తన కోసం అన్నాడా, అతని కోసమే అన్నాడా అన్నది పళ్ళత్తకి అంతుపట్టలేదు. ఒక్కటి మాత్రం అప్పుడే తట్టింది. ఆ గదిలో తప్ప ఆ ముగ్గురూ ఒకచోట కూర్చోవడం ఈమధ్య ఆమె ఎక్కడా చూడలేదు. ఆ కుర్చీలో వార్తలు చూస్తున్నవాడు, నిజానికి పేజీ తిప్పకుండా భార్య పాఠం చెప్పడం వింటూ కూర్చునేవాడేమో.

“మంచిది,” అంది టీచరమ్మ. గొంతు ఒక్కసారిగా చల్లబడింది. “మీరు వారం ఆగండి. నేను ఆగను. మా సంస్థ వాళ్ళకి పక్క వీధిలో గదులున్నాయి. సాయంత్రాలు అక్కడికెళ్ళి చెప్పుకుంటాను. పిచ్చుక కూడా నాతో వస్తుంది, అక్కడే చదువుకుంటుంది. భోజనం వేళకి వస్తాం. ఎవరికీ ఏ అడ్డూ ఉండదు.”

“అమ్మా, నన్నెందుకు మధ్యలో...”

“నువ్వు తిను.”

తమ్ముడు పళ్ళెంలో అన్నం పక్కకి జరిపాడు. వద్దు అన్న ఒక్క మాటకే ఉన్న బలమంతా అయిపోయినట్టు కూర్చున్నాడు. అతని ముఖం చూస్తే పళ్ళత్తకి చిన్నప్పుడు బడి నుంచి ఏడుస్తూ వచ్చిన పిల్లాడు కనిపించాడు. ఇక ఆగలేకపోయింది.

“ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు అమ్మాయ్. డబ్బా బాగానే ఉంది. ఇవాళ నీ క్లాసు తెంపింది నేను.”

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు.

చెప్పింది. మోటారు సంగతి, బోర్డు సంగతి, దీపాలు ఆరిపోవడం. చెబుతుంటే మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. రొద కాకూడదనే వసారాలో పెట్టానంది. మీ మంచికే అనుకున్నానంది. అన్నాక, ఆ మాట అనకుండా ఉంటే బాగుండేదనిపించింది.

టీచరమ్మ చేతిలోని గరిటె గిన్నెలో పెట్టింది. కోప్పడి అరుస్తుందని పళ్ళత్త ఎదురుచూసింది. అరిచినా బాగుండేది.

“ఎప్పటినుంచి తెలుసు వదినా?”

“ఇవాళే. నువ్వు డబ్బా కిటికీలో పెట్టి వెళ్ళాక.”

“ఇవాళే.”

“ఒట్టు.”

“వరసగా ప్రతి వారం వద్దన్నారు. డబ్బా బాగానే ఉందన్నారు. పని చేస్తున్నదాన్ని పారేయడమెందుకన్నారు. నేను పిల్లల ముందు తలొంచుకుంటుంటే చూస్తూ ఉన్నారు. అది బాగానే ఉందని మీకు ఇవాళే తెలిసింది.”

టీచరమ్మ వెటకారంగా అనలేదు. పిల్లలకి లెక్కని ఒక్కో వరసా చదివి వినిపించినట్టు అంది. లెక్క ఎటునుంచి చేసినా జవాబు ఒకటే వస్తోంది. పళ్ళత్తకి కూడా అదే వచ్చింది. తనే అవతల కూర్చుని ఉంటే తనూ నమ్మేది కాదు.

“అత్తా, నిజం చెప్పు,” అంది పిచ్చుక మెల్లగా. “ముందే తెలుసా?”

ఆ పిల్ల కూడా అడిగేసరికి పళ్ళత్తకి ఇక మాట రాలేదు. రాకపోవడాన్ని వాళ్ళు జవాబనుకున్నారు.

మర్నాడు సాయంత్రం అందరూ వచ్చారు. క్లాసు తెంపేది మోటారని తేలాక పక్క వీధి గదుల ఊసు ఎవరూ ఎత్తలేదు. తమ్ముడి వద్దు మీద వారం ఆగాలి, పాత డబ్బా ఉంది, సిగ్నల్ ఈ గదిలోనే వస్తుంది. రాక ఎక్కడికి పోతారు?

టీచరమ్మ వస్తూ ఒక దుప్పటి తెచ్చింది. ఆమె బల్ల వెనక గోడ అరల్లో పళ్ళత్త చేసిన పళ్ళ ప్లాస్టర్ అచ్చులు వరసలుగా ఉంటాయి. తెర మీద ఆమె భుజాల వెనక అవి కనిపిస్తాయని పిల్లలు ఆమెకి పళ్ళ టీచర్ అని పేరు పెట్టారు. ఆ పేరు చెప్పుకుని ఆవిడ ఎన్నోసార్లు నవ్వింది. ఇవాళ ఆ అరల మీద దుప్పటి కట్టి, నాలుగు కొసలూ సరిగ్గా సర్ది, చెవుల్లో ఇయర్‌ఫోన్ తీగలు పెట్టుకుని క్లాసు మొదలుపెట్టింది. కట్టేటప్పుడు పళ్ళత్త సాయానికి రాబోయింది. పరవాలేదన్నట్టు టీచరమ్మ చెయ్యి చూపింది.

పిచ్చుక మంచం ఎక్కలేదు. గోడకి ఆనుకుని నేల మీద కూర్చుంది. మెడ నొప్పి అని ఎవరూ అడక్కుండానే చెప్పింది. తమ్ముడు కుర్చీలో ఉన్నాడు. ఫోను చేతిలో ఉంది, చూపు దాని మీద లేదు.

పళ్ళత్త మంచం అంచున చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మోటారు వైరు ఊడదీసి చుట్ట చుట్టేసింది. సగం పాలిష్ అయిన సెట్టు నీళ్ళ గిన్నెలో ఉంది. మూడు పచ్చ దీపాలు రెప్ప వెయ్యకుండా వెలుగుతున్నాయి. క్లాసు ఒక్కసారి కూడా తెగలేదు. ఏ సాయంత్రాల కోసం ఇన్ని వారాలు వద్దు వద్దంటూ వచ్చిందో ఆ సాయంత్రం అచ్చంగా ఉంది, మనుషులంతా ఉన్నారు, ఆమెతో మాట్లాడేవాళ్ళు లేరు. ఖాళీ గదిలో గొంతు పెగలకపోవడం ఆమెకి తెలుసు. నిండు గదిలో కూడా పెగలదని తెలియదు.

ఇలా రోజూ కూర్చోవడం తన వల్ల కాదనిపించింది. వీళ్ళు ఎవరి గదుల్లోకి వాళ్ళు పోయినా, ఎప్పుడైనా దారి తప్పి వచ్చి అత్తా, వదినా అని పిలిస్తే అదే పదివేలు.

“కొత్తది తెచ్చుకోండి అమ్మాయ్,” అంది. “వాడి వద్దు సంగతి నేను చూసుకుంటాను. ఈ వారమే తెచ్చుకోండి.”

టీచరమ్మ తెర వైపే చూస్తూ ఏదో భిన్నాన్ని కొట్టేస్తోంది. చెవుల్లో తీగలున్నాయి, వినపడలేదు. విన్న తమ్ముడు మాత్రం కుర్చీలో నిటారుగా అయ్యాడు. అక్క వైపు చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

ఆ కదలిక కంటి కొసకి తగిలినట్టుంది. టీచరమ్మ పిల్లల్ని ఒక్క నిమిషం ఆగమని, చెవిలోంచి ఒక తీగ తీసి ఇటు తిరిగింది.

“ఏమైనా అన్నారా వదినా?”

రాత్రి నుంచి ఆమె పళ్ళత్తతో అన్న మొదటి మాట అది. తమ్ముడు ఇంకా తల ఊపుతూనే ఉన్నాడు. పిచ్చుక నేల మీంచి ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. పళ్ళత్త గొంతు సవరించుకుంది.